కాలిపూర్ తీరాన పాత లెన్సు

దృష్టి నిలిపితేనే దృశ్యం దక్కుతుంది. నేటి కెమెరాలు ఆ నిలిపే పనిని తామే చేసిపెడుతున్నాయి. మా నాన్నగారు 1980 దశకంలో జెనిట్ కెమెరాతోపాటు కొన్న హీలియోస్ 44-2 లెన్సు మాత్రం ఆ పనిని నేటికీ మన చేతికే వదిలివేస్తుంది. ఆ కెమెరా ఏనాడో మూలపడింది, నాన్నగారూ లేరు. సోవియట్ దేశంలో తయారైన ఆ 58 మిల్లీమీటర్ల లెన్సు మిగిలింది. చిన్న అడాప్టరు సాయంతో ఇప్పుడది నా డిజిటల్ కెమెరాకు కన్ను.

ఉద్యోగరీత్యా డిగ్లీపూర్‌కు బయలుదేరినప్పుడు, "ఆ ఉప్పుగాలికి దాన్నెందుకు బలిచేస్తావు? బీరువాలో ఉండనీ నాయనా" అన్నది అమ్మ. ఆమె భయం నిరాధారం కాదు. రెండు ఋతుపవనాలూ తడిపే ఈ దీవుల తేమలో అద్దాలకు బూజు పట్టడం సహజం. అయితే చీకటి, తేమ, కదలని గాలి బూజుకు ప్రియమైనవి. తోలుసంచీలో మూసి ఉంచిన లెన్సుకు ఈ మూడూ సమృద్ధిగా లభిస్తాయి. అందుచేత వాడుకే దానికి రక్ష అని నిశ్చయించుకున్నాను. పని ముగియగానే మెత్తని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతుమూత డబ్బాలో భద్రపరుస్తాను.

రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుకతిన్నె పోటు వేళ మునిగి, ఆటు వేళ తేలుతుంది. అక్కడ ఈ లెన్సుతో పని సులువు. 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సరు గల కెమెరాలో, ఎపర్చరును 8 వద్ద ఉంచి, వలయాన్ని సుమారు 14 మీటర్లకు తిప్పితే, 7 మీటర్ల నుండి దిగంతం వరకు అంతా స్పష్టమే.

అసలు పరీక్ష కాలిపూర్ తీరంలో. అటవీశాఖవారి సంరక్షణలో గుడ్ల నుండి వెలువడిన ఆలివ్ రిడ్లే తాబేటిపిల్లలు సముద్రం వైపు సాగే వేళ, కృత్రిమమైన వెలుగు వాటిని దారి తప్పిస్తుంది. అక్కడ ఫ్లాషు వాడరాదు. మసకచీకటిలో ఫోకసు కోసం కొన్ని కెమెరాలు వెలిగించే చిన్నదీపమూ అపచారమే. చేతితో తిప్పే లెన్సుకు ఆ దీపంతో పనిలేదు. ఎపర్చరు 2 వద్ద, మీటరు దూరంలో, స్పష్టత దక్కే మేర మూడున్నర సెంటీమీటర్లే. ఇంచుమించు తాబేటిపిల్ల డిప్పంత. వలయాన్ని మీటరు గుర్తుకు చేర్చి, ఇసుకపై మోకరిల్లి నిరీక్షిస్తాను. పిల్ల ఆ హద్దులోకి నడిచివస్తేనే చిత్రం. రాకున్నా, కంటితో చూసిన దృశ్యం నాకు మిగులుతుంది. చీకటి చిక్కబడితే కెమెరా కట్టివేస్తాను.

ఇటీవల లెన్సు అంచున సన్నని తెల్లపోగు ఒకటి కనిపించింది. ఎంత జాగ్రత్తపడినా ఏ వస్తువూ శాశ్వతం కాదు. బూజు అద్దమంతా పాకకముందే, మా అమ్మాయికి ఆ వలయం తిప్పడం నేర్పుతున్నాను.