పైన పటారం, లోన చెమ్మ

అమెరికాలో మనవాళ్ళు కొనే వస్తువుల్లో ట్రావెల్ ట్రైలర్ ఇంకా అరుదే. అందులోనూ ఇరవయ్యేళ్ళ పాత ట్రైలర్ అంటే వినేవాళ్ళ మొహంలో ఒకరకమైన జాలి కనబడుతుంది. "మంచి జీతమే కదా, ఈ డొక్కు బండి ఖర్మ ఏంటి?" అని పైకి అనరు, చూపుతోనే అనేస్తారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. పడక, పిల్లలకి బంకులు, గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్జు, బాత్రూము అన్నీ అందులోనే. మాది 2005 మోడలు, 24 అడుగులు. 2022లో ఇక్కడ మిషిగన్‌లోనే ఒక రిటైరైన పెద్దాయన దగ్గర 5,500 డాలర్లకి కొన్నాను, మొత్తం నగదు. వేసవి వస్తే లడింగ్టన్ కో, స్లీపింగ్ బేర్ డ్యూన్స్ వైపుకో తగిలించుకుని పోతాం.

కొత్తది ఎందుకు కొనలేదంటే, డబ్బు లేక కాదు, లెక్క కుదరక. కొత్త ట్రైలర్లకి ఇక్కడ పది పదిహేనేళ్ళ అప్పు ఇస్తారు. హెచ్-1బి మీద వున్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు (2017 నుంచి వున్న నిబంధన ఇది). 60 రోజుల భరోసా మీద పదిహేనేళ్ళ అప్పు! అదీ షోరూము గేటు దాటగానే ధర పడిపోయే వస్తువు మీద. ఇల్లయితే అమ్ముకుంటే ఏదో ఒకటి మిగులుతుంది. ట్రైలర్ మీద అప్పు మాత్రం చాలాసార్లు దాని ధర కన్నా ఎక్కువే తేలుతుంది.

కాబట్టి పాతదే కొన్నాం. అయితే పాతది చవక అనే మాట సగమే నిజం. దాన్ని బాగుచేసే క్రమం తెలిస్తేనే చవక. నేను చెప్పాలనుకున్నది ఆ క్రమం గురించే.

పాత ట్రైలర్ కొన్నవాళ్ళు మొదట ఏం చేస్తారో యూట్యూబ్ తెరిస్తే తెలుస్తుంది. అల్మారాలకి తెల్ల రంగు, కొత్త పరుపులు, గోడకి అంటించే టైల్సు, కప్పు మీద సోలారు పలకలు. చివర్లో "ముందు, తరువాత" ఫొటోలు. మా ఆవిడ దగ్గరా అచ్చం అలాంటి జాబితానే వుండేది. మేం పక్కన పెట్టింది మూడువేల డాలర్లు. ఆ జాబితాకి సరిగ్గా సరిపోతుంది కూడా. నా జాబితాలో వున్నవేవీ ఫొటోకి అందేవి కావు. ఇంట్లో రెండు వారాలు ఇదే చర్చ :)

ట్రైలర్ ని చంపేది వయసు కాదు, నీళ్ళు. మాలాంటి ట్రైలర్లలో గోడంటే ఒకటిన్నర అంగుళం మందం చెక్క చట్రం, దానికి బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల పల్చటి ప్లైవుడ్. కప్పు మీద రబ్బరు పొర. ఆ కప్పులో గాలి గొట్టాలకి, ఫ్యానుకి, ఏసీకి బోలెడు కంతలు. ప్రతి కంత చుట్టూ సీలెంటు. ఆ సీలెంటు ఎండకి ఎండి, చలికి బిగుసుకుని, రోడ్డు మీద కుదుపులకి సన్నగా బీటలు వారుతుంది. వెంట్రుకంత బీట చాలు, నీళ్ళు లోపలికి దిగి గోడ మధ్యన చేరతాయి. బయటికి ఏమీ కనబడదు. లోపల చెక్క మాత్రం చివికిపోతూ వుంటుంది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమయింది.

కొనేటప్పుడే ముందువైపు మూల నొక్కి చూశాను, మెత్తగా వుంది. ఆ మాట చెప్పే బేరం ఆడాను. ఏప్రిల్ లో ఆ మూల రేకు విప్పితే చెక్క వేళ్ళతో నలిపితే పొడయ్యేలా వుంది. ఎప్పుడో ఎవరో కారడం ఆపుదామని సిలికాన్ పూసిపెట్టారు. సిలికాన్ తో తంటా ఏంటంటే దాని మీద ఇంకేదీ అతుక్కోదు. అదంతా గీకి తీస్తే గానీ కొత్త సీలెంటు పట్టదు. గీకడానికే ఒక శనివారం పోయింది. చివికిన ముక్కలు కోసి కొత్త చెక్క వేసి, రేకు అంచుల కింద బ్యూటైల్ టేపు పెట్టి బిగించి, కప్పు మీద కంతల చుట్టూ రబ్బరుకి పనికొచ్చే సీలెంటు పొయ్యడానికి ఇంకో మూడు వారాంతాలు. సామాన్లకి నాలుగొందల డాలర్లు దాటలేదు. ఇదే పని షాపులో చేయిస్తే ఎంతవుతుందని అడిగితే, ట్రైలర్ కొన్న ధరకి దగ్గరగా చెప్పారు.

మా తాతగారి ఊళ్ళో పెంకుటిల్లు వుండేది. ఏటా తొలకరికి ముందు మనిషిని ఎక్కించి పెంకులు సర్దించేవారు. ఇల్లు కురిసిందా లేదా అన్న ప్రశ్నే లేదు, అది పంచాంగంలో పండగలా వచ్చి పోయే పని. ట్రైలర్ కప్పుకీ అంతే. ఏడాదికి రెండుసార్లు, చలికాలం ముందూ తరువాతా, నిచ్చెనేసుకుని ఎక్కి ప్రతి అతుకూ చూడాలి. కారాక చూద్దాం అనుకుంటే అప్పటికే చెక్క పోయి వుంటుంది.

రెండోది చక్రాలు. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, వయసొచ్చి పోతాయి. టైరు మీద డాట్ అని మొదలయ్యే కోడులో చివరి నాలుగంకెలు చూడండి. మావాటి మీద 1116 అని వుంది. అంటే 2016లో పదకొండో వారం. గాళ్ళన్నీ కొత్తవాటిలా వున్నాయి, అయినా తీసేశాను. ట్రైలర్ టైరుకి అయిదారేళ్ళే ఆయుష్షు అనుకోవాలి. హైవే మీద అది పేలితే చక్రం పైనున్న గోడా, కింద గ్యాసు గొట్టమూ చీలిపోవచ్చు. వెనక సీట్లో పిల్లలుండగా ఆ ప్రయోగం నాకక్కర్లేదు. దాంతోపాటే బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు నింపాను. ఇదీ ఏటా చేసుకునే పనే.

మూడోది గ్యాసు. ప్రొపేన్ గాలికన్నా బరువు, కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. అందుకే గ్యాసు అలారం గోడకి అడుగున పెడతారు. ఆ అలారాలకీ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకీ అయిదు నుంచి ఏడేళ్ళ దాకానే పని. మా ట్రైలర్లో వున్నవి బండితో పాటు వచ్చినవే, అంటే పదిహేడేళ్ళవి. పచ్చలైటు మాత్రం శుభ్రంగా వెలుగుతోంది! రెండూ కలిపి వంద డాలర్ల లోపే. మూసిన పెట్టెలాంటి గదిలో పెళ్ళాం పిల్లలతో పడుకునేవాడు ముందు పరుపు మార్చాలా, అలారం మార్చాలా? ఈ ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో చర్చ ముగిసింది. అలారం మా ఆవిడే ఆర్డరు పెట్టింది.

పదేళ్ళనాటి కోడు మన చేతికొస్తే మొదటిరోజే కొత్త ఫీచరు పెడతామా? బ్యాకప్ వుందా, అలర్టులు నిజంగా మోగుతున్నాయా చూస్తాం. ఆఫీసులో ఇంత తెలిసిన మనం సొంత సొమ్ము దగ్గరికొచ్చేసరికి హోం పేజీకి రంగులు మారుస్తాం.

ఇవన్నీ అయ్యాకే అప్‌గ్రేడుల జోలికి పోయాం. అందులోనూ ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ వున్నవి ముందు. పాత బల్బు ఒక్కోటి దాదాపు 18 వాట్లు తాగుతుంది. దాని చోట ఎల్ఈడీ పెడితే రెండు మూడు వాట్లు. ఎనిమిది బల్బులు మార్చేసరికి అదే బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువసేపు వచ్చింది. ఆ తరువాతి ఏడాది లిథియం బ్యాటరీ. 100 ఆంపియర్-అవర్ల మామూలు లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లిథియంలో దాదాపు అంతా వాడుకోవచ్చు, బరువూ సగానికి తక్కువ. కానీ బ్యాటరీ ఒక్కటే మార్చి వూరుకుంటే లాభం లేదు. పాత కన్వర్టర్లు చాలావరకు 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి, లిథియం పూర్తిగా నిండాలంటే 14.4 దాకా కావాలి. కాబట్టి కన్వర్టరూ మార్చాలి. పైగా సున్నా డిగ్రీల కింద లిథియాన్ని చార్జి చెయ్యకూడదు. మిషిగన్‌లో అది చిన్న విషయం కాదు, చలికాలం బ్యాటరీ గ్యారేజీలోకి వస్తుంది.

సోలారు ఇంకా పెట్టలేదు. దాన్ని బిగించాలంటే కప్పులో మళ్ళీ స్క్రూలు దించాలి, ప్రతి స్క్రూ ఒక కొత్త కంత. ఇంకో సంగతి, మనం తగిలించే ప్రతి వస్తువుకీ బరువుంటుంది. ట్రైలర్ మోయగల గరిష్ఠ బరువు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి వుంటుంది. సామాన్లూ నీళ్ళూ నింపి ట్రక్కుల కాటా మీద తూయించుకుంటే గానీ నిజం తెలీదు. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలి. తగ్గితే ట్రైలర్ వెనక పాములా ఊగుతుంది.

మా స్నేహితుడొకడు వాదిస్తాడు: "నీ గంటకి ఎంత? ఆ శనివారాలన్నీ లెక్కేస్తే కొత్తదే చవక." లెక్క ప్రకారం వాడిదే రైటు కావచ్చు. కానీ ఆ శనివారాలకి నాకెవరూ జీతం ఇవ్వరు కదా. పైగా మా పన్నెండేళ్ళవాడు ఆ నాలుగు శనివారాలూ టార్చి పట్టుకుని నా పక్కనే వున్నాడు, మూడోవారానికి సీలెంటు గన్ను నా చేతిలోంచి లాక్కున్నాడు. ఈ పని చిరాకు అనిపించేవాళ్ళు మాత్రం కొనకండి. అద్దెకి దొరుకుతాయి, హాయిగా తీసుకోండి. కింద ఇనప చట్రం తుప్పు పట్టి పెళుసులు రాలుతున్నా, నేలంతా మెత్తబడినా, ఎంత చవగ్గా వచ్చినా వదిలెయ్యండి. దాన్ని బాగుచెయ్యడం ముచ్చట కాదు, మొండితనం.

పోయిన చలికాలం మా టీములో ముగ్గురిని తీసేశారు. ఆ వారం రాత్రుళ్ళు మా ఆవిడా నేనూ కూర్చుని నెలనెలా కట్టాల్సినవన్నీ కాగితం మీద రాశాం. ఇల్లు, కారు, బడి ఫీజు, ఇన్సూరెన్సు. ట్రైలర్ దగ్గర ఆ ఏడాది ఇన్సూరెన్సు తప్ప రాయడానికి ఏమీ లేదు. అల్మారాలకి తెల్ల రంగు ఇంకా వెయ్యలేదు. మొన్న మే నెల వానల్లో ముందుమూల తడిమి చూస్తే పొడిగా వుంది.