పరీక్ష లేని బండి

చట్టము మనలను నిర్బంధించినంత కాలము మనము నిజాయితీపరులమో కామో తెలియదు. చట్టము చేయి విడిచిన దినముననే అది తెలియును. ఈ సంగతిని మాకు బోధించినది గ్రంథము కాదు, ఒక ముసలి చిన్నకారు.

మేము ఇంగ్లండులో కాపురముండు తెలుగువారము. మా యింటి వెనుక షెడ్డులో ఇసెట్టా యను మూడు చక్రముల కారొకటి కలదు. 1953లో ఇటలీదేశపు ఇసో సంస్థవారు ఈ మాదిరి కారును కల్పించిరి. 1955 మొదలు జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు తమ మోటారుసైకిలు యంత్రమును దీనికి అమర్చి, 1962 వరకు 1,60,000కు పైగా తయారుచేసిరి. 1956లో సూయజు సంక్షోభమువలన పెట్రోలు కరవు కాగా, ఐరోపాలో ఇట్టి చిన్నకార్లకు గిరాకి హెచ్చెను. 1957లో బ్రైటను పట్టణమున, పాత రైలు ఇంజనుల కర్మాగారములో, ఇంగ్లీషువారికై దీనిని చేయ నారంభించిరి. ఆ కర్మాగారమునకు రహదారి లేదు. సామానులు రైలుమీద వచ్చెడివి, కార్లు రైలుమీదనే పోయెడివి. రోడ్డుపై తిరుగవలసిన బండికి పుట్టింట రోడ్డే లేదన్నమాట!

దీని పొడవు రెండుంబావు మీటర్లకు కొంచె మెక్కువ. యంత్రమునకు ఒకటే సిలిండరు. తలుపును ఒకటే, అదియు ముఖముననే. బీరువా తలుపువలె దానిని తెరచినచో స్టీరింగు చక్రముకూడ దానితో ముందుకు జరిగి దారి యిచ్చును. ఒక సంసారము ఓపికతో కూర్చున్నచో ఆమూలాగ్రము గ్రహింపదగిన యంత్రమిది.

ఈ దేశమున మోటారుబండ్లకు ఏటేట పరీక్ష కలదు. అయితే 2018 మే నెలనుండి, నలువది యేండ్లు దాటి, ముఖ్యమైన మార్పులు పొందని బండ్లకు ఆ పరీక్ష నిర్బంధము కాదు. బండిని రోడ్డునకు తగిన స్థితిలో నుంచవలసిన బాధ్యత మాత్రము యజమానిని విడువలేదు. మిత్రులు కొందరు మమ్ము అభినందించిరి. మాకు మాత్రము భయము కలిగెను. అంతవరకు పరీక్షకుడు చూచెడిదానిని ఇకమీదట ఎవరు చూతురు?

కావున ప్రతి వసంతమున మా యింటనే పరీక్ష జరుగును. కారును జాకీతో నెత్తి, చట్రము క్రింద ఇనుప మోపులు పెట్టిన పిదపనే ఎవరైనను దానిక్రింద చేయి పెట్టవలెను. చక్రములు విప్పి బ్రేకులు చూతుము. పాత బ్రేకు పట్టాలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అందుచేత ఆ దుమ్మును ఊదక, ముఖమునకు ముసుగు ధరించి తడిగుడ్డతో తుడిచెదము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపల తుప్పు పుట్టించును గనుక రెండేండ్ల కొకసారి మార్చెదము. 2021 సెప్టెంబరునుండి ఇచ్చటి సాధారణ పెట్రోలులో నూటికి పదివంతులవరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును చెరచును. చీలిన గొట్టమునుండి పెట్రోలు వేడి యంత్రముపై కారినచో ఏమగునో చెప్పనక్కరలేదు. గొట్టము లన్నియు మార్చితిమి. పైనున్న గుడ్డకప్పు సులభముగా తెరచుకొనునట్లు చూచుట మరియొక పని. ఉన్న ఒక్క తలుపు బిగిసిపోయినచో ప్రాణము దక్కించుకొను దారి అదియే.

ఈ పనిలో మా పదునాలుగేండ్ల కుమార్తెయు పాలు పంచుకొనును. రాజమహేంద్రవరమునుండి వచ్చిన మా మేనమామగారు ఆ దృశ్యము చూచి నొచ్చుకొని, “ఇంత చదువు చదివి మీకీ నూనె చేతు లేమిరా? డబ్బిచ్చిన చేయువారు లేరా? పైగా ఆడపిల్లచేత స్పానరు పట్టించుటయా!” యనిరి.

మేము బదులు చెప్పకముందే అమ్మాయి, “తాతయ్యా, సాయంత్రము ఈ బండిలో కూర్చుండువారు మీరే. బ్రేకు పట్టకపోయినచో అది మన కులము నడుగదు, చదువు నడుగదు. ముందు వచ్చి మీరును చూడండి” అనెను. ఆయన నవ్వలేదు, కోపపడనూలేదు. కొంతసేపటికి కండువా మడచి కుర్చీపై పెట్టి, దీపము పట్టుకొని నిలుచుండిరి.

అన్నియు మేమే చేయుదు మని గర్వము లేదు. చట్రమునకు తుప్పు పట్టినప్పుడు వెల్డింగు పని తెలిసిన శిల్పి కడకు పోయితిమి. మూడు దినములు ఆయన యొద్ద నిలిచి చూచితిమి. అడిగిన కూలి బేరమాడక యిచ్చితిమి. తాను ఒక మర విప్పుటకు గంటసేపు చెమటోడ్చినవానికి పరుల చెమట విలువ తెలియును. చేతిపనిని హీనముగా చూచు చదువరి, తన ప్రాణమును ఆ చేతులకే అప్పగించుచు వారిని మాత్రము ఇంటి గడప దాటనీయడు. ఇంతకంటె వింత యేమున్నది?

చదువరులారా! మీ యింట ఇట్టి కారుండనక్కరలేదు. పరీక్షకుడు రాని విషయములు మాత్రము ప్రతి యింటను కలవు. పనిమనిషికి సకాలమున జీత మందినదా, కోడలి మాటకు విలువ యున్నదా, కూతునకు కొడుకుతో సమానముగా పని నేర్పుచున్నామా యని తనిఖీ చేయుటకు ఏ యధికారియు రాడు. ఆ చోటులలో మనమే దీపము పట్టుకొని వంగి చూడవలెను. చేతులకు నూనె యంటినను సరియే.