పుదుచ్చేరిలో ఒక రేకు పాఠం

చెన్నైకి దక్షిణాన, తూర్పు తీర రహదారి మీదుగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరికి యాత్రికులు సముద్రాన్ని చూడడానికి, శ్రీ అరవిందుల ఆశ్రమాన్ని దర్శించడానికి వెళుతుంటారు. మేము ముగ్గురము వెళ్ళినది మాత్రం ఒక ఇనుప పెట్టె కోసం. మా డిజైను విభాగం రూపొందించిన 60 విద్యుత్ నియంత్రణ పెట్టెలు అక్కడి ఒక చిన్న వర్క్‌షాపులో తయారు కావలసి ఉన్నాయి. కంప్యూటరు తెరపై పెట్టె ముచ్చటగా నిలిచింది. కాని దానిని విప్పి, రేకును ఏ కొలతకు కత్తిరించాలో తెలిపే ఫ్లాట్ ప్యాటర్న్‌గా పరచమంటే క్యాడ్ సాఫ్ట్‌వేరు ససేమిరా అన్నది. రేకును ఒకసారి కోసిన తరువాత తిరిగి అతకలేము కదా! అందుచేత కోతకు ముందే సంగతి తేల్చుకొనదలచి బయలుదేరాము.

తెల్లవారుజామున పట్టణం చేరుకొని కాలినడకన తిరిగాము. వీధులు గీత గీసినట్లు తిన్నగా సాగి, ఒకదానినొకటి లంబంగా ఖండించుకొంటాయి. 1693 నుండి 1699 వరకు ఈ ఊరు డచ్చివారి అధీనంలో ఉన్నప్పుడు వేసిన ప్రణాళిక ఇది. 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని నేలమట్టం చేయగా, ఫ్రెంచివారు 1765 నుండి పాత వీధుల వరుసలోనే తిరిగి నిర్మించుకొన్నారు. కాలువకు తూర్పున పసుపు గోడల ఫ్రెంచి ఇళ్ళు, పడమట అరుగులు తీర్చిన తమిళ ఇళ్ళు. ఇళ్ళు కూలినా ప్రణాళిక నిలిచినందువల్ల ఊరు మళ్ళీ లేచినది గదా అనుకొంటూ వర్క్‌షాపు దారి పట్టాము.

అక్కడ మాకు ఒక ఆనందం ఎదురైంది. రేకును వంచే ప్రెస్ బ్రేక్ వద్ద ఉన్న వృద్ధ కార్మికుడు యానాం నుండి వచ్చి స్థిరపడినవాడు. కాకినాడ చేరువలోని ఆ తెలుగు గడ్డ కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే గదా! మా బొమ్మను చూసి ఆయన మారుమాట లేకుండా ఖాళీ మిఠాయి పెట్టె ఒకటి తెచ్చి మా ముందు పెట్టాడు.

"దీన్ని చింపకుండా విప్పండి బాబూ, చూద్దాం" అన్నాడు.

నాలుగు మూలలూ అంటించి ఉన్నవి. ఎలా విప్పగలము? కత్తెరతో మూలలు కోయగానే పెట్టె పలకలా పరుచుకొన్నది. మా నమూనాలోనూ పక్క గోడలు మూలల వద్ద సందు లేకుండా కలిసిపోయి ఉన్నాయి. మూలలకు సన్నని చీలిక ఇచ్చాము. అయినా విప్పుడు కుదరలేదు. అప్పుడు ఒక్కొక్క గోడ మందం కొలువగా, తరువాత చేర్చిన ఒక పట్టీ మాత్రం 2 మిల్లీమీటర్లకు బదులు 3 మిల్లీమీటర్లు ఉన్నట్లు తేలింది. ఒకే రేకునుండి రావలసిన వస్తువులో రెండు మందాలు ఉండవని సాఫ్ట్‌వేరుకు తెలుసు, మేమే మరచాము. దానిని సరిదిద్దగానే పెట్టె చక్కగా పరుచుకొన్నది.

ఆ సాయంకాలం సముద్రతీరాన గూబేర్ అవెన్యూలో నడిచాము. 1836 నాటి పాత దీపస్తంభాన్ని, ఎత్తైన రాతి స్తంభాల నడుమ నిలిచిన గాంధీజీ విగ్రహాన్ని తిలకించాము. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చిననూ, చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న గాని పూర్తి కాలేదు. మా పని కూడా సగమే అయినదని మరునాడు తెలిసింది.

మొదటి పెట్టె వంచి చూడగా, వరుసగా నాలుగు వంపులున్న వైపున రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరిగింది, తలుపు అమరలేదు. మాలో పిన్నవాడు, ఆ బొమ్మ గీసిన ఇంజనీరు, ముఖం చిన్నబుచ్చుకొన్నాడు. పెద్దాయన అతని భుజం తట్టి అన్నాడు:

"రేకు వంగేటప్పుడు బయటవైపు సాగుద్దండి, లోపలివైపు నలుగుద్దండి. ఎంతన్నది మా అచ్చుని బట్టి ఉంటది. మీ బొమ్మ మా అచ్చుని చూడలేదు గదండీ!"

ఆయన సరిగ్గా 100 మిల్లీమీటర్ల పొడవు గల ముక్కను లంబంగా వంచి, రెండు చేతుల వెలుపలి కొలతలు తీసి కలిపాడు. మొత్తం 103.7 వచ్చింది. అనగా వెలుపలి కొలతల మొత్తంనుండి ప్రతి వంపుకు 3.7 మిల్లీమీటర్లు తగ్గిస్తేనే కోయవలసిన పొడవు వస్తుంది. మా కంప్యూటరు తగ్గించినది 3.05 మాత్రమే. కారణం వెదకగా, మేము లోపలి వంపు వ్యాసార్ధాన్ని 1 మిల్లీమీటరుగా ఇచ్చాము. అక్కడి 16 మిల్లీమీటర్ల గాడి గల అచ్చుపై ఈ మందపు రేకు దాదాపు 2.5 వ్యాసార్ధంతో వంగుతుంది. ఆ విలువ మార్చగానే లెక్క ముక్కతో సరిపోయింది. రెండవ పెట్టెకు తలుపు హాయిగా అమరింది. అరవై పెట్టెల రేకు దక్కింది.

వంపు గీతకు మరీ దగ్గరగా ఉన్న రెండు రంధ్రాలను కూడా ఆయన సలహాపై జరిపాము. లేనిచో వంచేటప్పుడు అవి సాగి కోలగా మారేవట.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో మా పిన్న ఇంజనీరు ఆ 103.7 మిల్లీమీటర్ల వంపు ముక్కను కాగితంలో చుట్టి సంచిలో భద్రపరచుకొన్నాడు. నేడది మా విభాగపు బల్లపై ఉన్నది. కొత్త బొమ్మ మొదలుపెట్టే ముందు, అది ఏ అచ్చుపై వంగుతుందో ఇప్పుడు మేము ముందుగా విచారిస్తున్నాము. 2006లో పాండిచ్చేరి అన్న పేరు మారి పుదుచ్చేరి అయిన ఈ పట్టణాన్ని మన ఉద్యోగ మిత్రులు కుటుంబ సమేతంగా తప్పక దర్శించవలెనని మా మనవి. సముద్రపు గాలి అందరికీ ఉచితమే; అక్కడ ఏదైనా పని ఉన్నవారు మాత్రం ఒక పూట యంత్రం పక్కన నిలిచి, దానిని నడిపే చేతిని కూడా చూసి రావలెను.