గీర్ అడవిలో జంట రాజ్యం

గుజరాత్ యాత్రకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ద్వారకలో కృష్ణుణ్ణి, ప్రభాస తీర్థంలో సోమనాథుణ్ణి దర్శించుకుని తిరుగు రైలెక్కేస్తారు. సోమనాథ్‌కు గంటన్నర దూరంలోనే సాసణ్ గీర్ ఉంది. ఆసియా సింహం బోనులో కాకుండా తన ఇష్టాన తిరుగుతూ బతికే చోటు ఈ భూమి మీద ఆ సౌరాష్ట్ర ప్రాంతం ఒక్కటే. 2025 డిసెంబరులో మావారు, నేను, మా కోడలు, పదేళ్ళ మనవడు కలిసి ముంబయిలో రైలెక్కి జునాగఢ్‌లో దిగాము. సింహాల దగ్గరికి వెళ్ళేముందు ఆ ఊళ్ళో ఒక బండరాయిని చూడాలని మావారి పట్టుదల.

గిర్నార్ కొండకు వెళ్ళే దారిలో, చిన్న కట్టడం లోపల ఉంది ఆ బండ. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నట్టే దీనిమీద అశోకుడి ధర్మశాసనాలున్నాయి. అదే రాతి మీద దాదాపు నాలుగు వందల ఏళ్ళ తరువాత, క్రీ.శ. 150 ప్రాంతంలో, క్షత్రప రాజు రుద్రదాముడు తన గొప్పలు చెక్కించుకున్నాడు. ఇంకో మూడు వందల ఏళ్ళకు స్కందగుప్తుడి కాలపు శాసనం వచ్చింది. ఒకే రాయి, ముగ్గురు ఏలికలు! రుద్రదాముడి శాసనంలో మన ప్రసక్తి కూడా ఉంది. దక్షిణాపథానికి అధిపతి అయిన శాతకర్ణిని రెండుసార్లు ఓడించాననీ, దగ్గరి చుట్టరికం ఉండడంవల్ల నాశనం చేయకుండా వదిలిపెట్టాననీ అందులో చెప్పుకున్నాడు.

"చుట్టాలైతే యుద్ధం ఎందుకు నాయనమ్మా?" అన్నాడు మనవడు.

"చుట్టాలు కనుకనే ప్రాణాలతో వదిలాడు. పొలిమేర గొడవ ఎవరికైనా తప్పదు" అన్నారు మావారు. ఆ మాట సింహాలకు కూడా వర్తిస్తుందని ఆ సాయంత్రానికే తెలిసింది.

జునాగఢ్ నుంచి సాసణ్‌కు రోడ్డు మీద దాదాపు 60 కిలోమీటర్లు. దారి పొడవునా మామిడి తోటలు, వేరుశెనగ చేలు. ఆ తోటలు అయిపోగానే ఆకు రాల్చే టేకు అడవి మొదలవుతుంది. గీర్ అంటే కళ్ళు తిరిగే పచ్చదనం కాదు. ఎండుటాకుల రంగు నేల, మోదుగు చెట్లు, రేగు పొదలు, తుమ్మలు, మధ్యలో సన్నగా పారే హిరణ్ నది. సింహం ఆ ఎండుగడ్డిలో పడుకుంటే పది గజాల దూరంలో ఉన్నా కనబడదు. 1965లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. జాతీయోద్యానంతో కలిపి విస్తీర్ణం సుమారు 1,412 చదరపు కిలోమీటర్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ కొద్ది డజన్ల సింహాలే మిగిలితే జునాగఢ్ నవాబులు వేట మాన్పించి కాపాడారు. 1968 లెక్కలో 177 ఉన్నాయి. 2025 మే నెల లెక్కకు 891 అయ్యాయి.

సాసణ్ చిన్న ఊరు. సాయంత్రం మేము చాయ్ తాగిన దుకాణంలో గోడకు దేవుడి పటాల పక్కనే రెండు మగ సింహాల ఫోటో తగిలించి, దానికి పూలదండ కూడా వేశారు. ఎవరని అడిగాను. రకాబీలో చాయ్ పోసుకుంటున్న పెద్దాయన తల ఎత్తి, "జై, వీరు. తెలియదా బెన్?" అన్నాడు. ఆయన పాతికేళ్ళుగా అడవిలో గైడు పని చేస్తున్నవాడు. మర్నాడు మా బండికి కూడా ఆయనే వచ్చాడు.

బెంగుళూరు దగ్గర రామనగరం బండల మధ్య తీసిన 'షోలే' సినిమాలో స్నేహితుల పేర్లే ఆ రెండు సింహాలకూ పెట్టారు. ఎప్పుడూ విడిపోకుండా తిరిగేవి కనుక ఆ పేర్లు అతికాయి. సాసణ్ చుట్టుపక్కల యాత్రికులు వెళ్ళే అడవిలో పెద్ద భాగం కొన్నేళ్ళపాటు వాటి ఏలుబడిలో ఉండేది. ఒకటి గర్జిస్తే రెండోది అందుకునేదట. ఆ జంట గర్జన వినబడితే కొత్త మగ సింహాలు దారి మార్చుకునేవట.

"మరి ఏమైంది?" అన్నాడు మనవడు.

"ఒకరోజు రెండూ వేరువేరు దిక్కులకు వెళ్ళాయి బాబూ. అంతే" అన్నాడు ఆయన.

విడిగా ఉన్న సమయంలో వేరే మగ సింహాలు వాటిమీద పడ్డాయి. రెండూ ఒంటరిగానే పోరాడి తీవ్రంగా గాయపడ్డాయి. అటవీశాఖ పశువైద్యులు చాలా ప్రయత్నించారు. 2025 జూన్‌లో వీరు పోయింది. జూలై చివరలో జై కూడా పోయింది.

మనం చిన్నప్పుడు వాచకంలో చదువుకున్న కథ ఒకటుంది. నాలుగు ఎద్దులు కలిసి మేస్తున్నంతకాలం సింహం వాటి జోలికి రాలేదు. విడిపోగానే ఒక్కొక్కదాన్నే తినేసింది. మనందరికీ ఐకమత్యం నేర్పిన కథ అది. అందులో సింహానికి ఎవరి తోడూ అక్కరలేదు. గీర్‌లో తెలుసుకున్న సంగతి వేరు. ఆ ఎద్దులకు ఎంత తోడు కావాలో సింహానికీ అంతే కావాలి.

మగ కూన మూడేళ్ళ వయసు వచ్చేసరికి పుట్టిన గుంపును విడిచిపెట్టక తప్పదు. అక్కడినుంచి దేశదిమ్మరి బతుకు. పరాయి రాజ్యాల అంచుల్లో దొంగచాటుగా తిరుగుతూ, దొరికింది తింటూ, బలం పుంజుకుంటుంది. ఈ దశలోనే తోడు వెతుక్కుంటుంది. అన్నదమ్ములుంటే సరే, లేకపోతే తనలాగే ఇల్లు వదిలిన ఇంకో మగదానితో కలుస్తుంది. ఆఫ్రికాలో పెద్ద జట్లు కూడా కనబడతాయి. దక్షిణాఫ్రికాలోని సాబీ శాండ్ అభయారణ్యంలో 'మాపోగో' అనే ఆరు మగ సింహాల జట్టు 2006 నుంచి చుట్టుపక్కల సింహాలను గడగడలాడించింది. 2010లో కొత్తగా వచ్చిన జట్టు చేతిలో వాటిలో ఒకటి చచ్చిపోయాక వాటి రాజ్యం తరిగిపోతూ వచ్చి, 2012కు ముగిసింది. గీర్‌లో మాత్రం ఇద్దరి జట్టే ఎక్కువ.

ఈ జంటల లోగుట్టును స్తోత్ర చక్రవర్తి, వై.వి. ఝాలా అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి గీర్‌లో తిరిగి గమనించి, 2017లో ప్రకటించారు. జంటలో ఇద్దరూ సమానం కాదట. పెద్దరికం ఒకదానిదే. ఆడ సింహాలతో కలిసే అవకాశాల్లో నూటికి 70కి పైగా దానికే దక్కుతాయి. తిండిలోనూ రెండోదానికంటే 47 శాతం ఎక్కువ తింటుంది. అయినా రెండోది ఎందుకు ఉంటుంది? ఒంటరిగా తిరిగే మగ సింహానికి ఆ మిగిలిన వాటా కూడా దొరకదు కనుక! పొలిమేర కాపాడడంలో ఇద్దరూ సమానంగా కష్టపడతాయి. పంక్తిలో మాత్రం తేడా. మా కోడలు ఇది విని, "ఉమ్మడి కుటుంబంలాగే ఉందత్తయ్యా" అంది. మావారు కిటికీలోంచి బయటికి చూశారు.

మర్నాడు తెల్లవారకముందే జిప్సీ బండిలో బయలుదేరాము. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. తూరుపు తెల్లబడేసరికి నెమళ్ళు, చుక్కల దుప్పులు, చెట్ల మీద కొండముచ్చులు కనబడ్డాయి. ఒక మలుపులో గైడు బండి ఆపించి, మెత్తటి దుమ్ములో పడిన అడుగులు చూపించాడు. నా అరచెయ్యి కంటే పెద్దవి. రెండు వరసలు పక్కపక్కన ఉన్నాయి. "మగవి. రాత్రి వెళ్ళాయి. కొత్తవాళ్ళు" అన్నాడు. అక్కడ ఒక పొద దగ్గర ఘాటైన వాసన వస్తోంది. అది వాటి సరిహద్దు రాయి అన్నమాట.

ఇంకో అరగంట వెళ్ళాక కొండముచ్చు హెచ్చరికగా అరిచింది. బండి ఇంజను ఆపేశారు. టేకు ఆకుల చప్పుడు. పొదల్లోంచి ఒక ఆడ సింహం బయటికి వచ్చి, మమ్మల్ని లెక్కచేయకుండా దారి మధ్యలో నిలబడింది. దాని వెనక ఒకటి, రెండు, మూడు కూనలు. నాలుగైదు నెలలుంటాయేమో. చివరిది టేకు ఆకును నోట కరచుకుని పరుగెత్తుకొచ్చింది. మా మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

గైడు ముఖంలో మాత్రం ఆనందం కంటే బెంగ ఎక్కువ కనబడింది. కారణం తరువాత చెప్పాడు. రాజ్యం చేతులు మారితే మొదట బలి అయ్యేది కూనలే. పిల్లలను పెంచుతున్నంతకాలం, అంటే దాదాపు రెండేళ్ళు, ఆడ సింహం మళ్ళీ ఎదకు రాదు. కొత్తగా గెలిచిన మగవాటికి అంత వ్యవధి ఉండదు. వాటి పాలన ఎన్నేళ్ళో వాటికే తెలియదు. అందుకని పాత రాజుల కూనలను చంపేస్తాయి. అలా పిల్లలను పోగొట్టుకున్న తల్లి త్వరలోనే ఎదకు వస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా, అడవిలో ఇది తరతరాల లెక్క. జై, వీరు పోయాయని సాసణ్‌లో దండలు వేసి బాధపడ్డారు కానీ, ఒక జంట పడిపోతే దాని వెనక ఇంకెన్ని చిన్న ప్రాణాలు ప్రమాదంలో పడతాయో మేము అప్పుడే గ్రహించాము.

"ఈ కూనలు ఎవరివి? పాతవాళ్ళవా, కొత్తవాళ్ళవా?" అని అడిగాను.

ఆయన మెల్లగా నవ్వాడు. "ఏ మగవాడికీ తెలియదు బెన్. అదే ఈ తల్లి తెలివి."

ఇది వట్టి చమత్కారం కాదు. గీర్‌లో ఆడ సింహాలు, మగవి ఆఫ్రికాలోలా ఎప్పుడూ కలిసి ఉండవు. ఇక్కడి వేట ఎక్కువగా దుప్పిలాంటి మధ్యరకం జంతువు. అది పెద్ద గుంపుకు చాలదు. ఆడ గుంపు వేరు, మగ జట్టు వేరు. ఎద సమయంలోనూ, పెద్ద వేట దొరికినప్పుడూ మాత్రం కలుస్తాయి. ఒక ఆడ గుంపు తిరిగే చోటు ఒకటికి మించిన మగ జట్ల సరిహద్దుల్లో పడుతుంది. ఆడ సింహం ఒక జట్టుతోనే కాక ఇరుగుపొరుగు జట్లతో కూడా కలుస్తుందని అదే శాస్త్రజ్ఞులు 2019లో రాశారు. దాంతో ఆ మగవన్నీ ఆ కూనలు తమవే అనుకుని వాటి జోలికి పోవు. రేపు ఒక జట్టు ఓడి పక్క జట్టు వచ్చినా, కూనలు బతికే వీలుంటుంది. బొత్తిగా ముఖపరిచయం లేని మగవి ఎక్కడినుంచో వస్తేనే భయం. రాజులు పోరాడి గెలుచుకునేది రాజ్యం. వంశాన్ని నిలబెట్టేది మాత్రం ఏ కిరీటమూ లేని ఈ తల్లి ముందుచూపు.

రాత్రి చూసిన అడుగులు పొరుగు జట్టువో, దూరపువారివో ఆయన చెప్పలేదు. ఆడ సింహం ఒకసారి గాలి వాసన చూసి, కూనలను వెంటబెట్టుకుని ఆ అడుగులకు ఎదురు దిక్కున పొదల్లోకి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ మాల్ధారీల పల్లె ఒకటి చూశాము. 'మాల్' అంటే పశువులు. పశువులే ఆస్తిగా బతికే ఈ జనం అడవిలో ముళ్ళకంచె కట్టుకున్న చిన్న పల్లెల్లో ఉంటారు. ఆ పల్లెను 'నేస్' అంటారు. వాళ్ళ గేదెలు అప్పుడప్పుడు సింహానికి ఆహారమవుతాయి. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. సింహాన్ని వాళ్ళు 'సావజ్' అని గౌరవంగా పిలుస్తారు. పాలు పితుకుతున్న ఒక ముసలమ్మను, రాత్రిళ్ళు గర్జనలు వింటే భయం వేయదా అని కోడలు హిందీలో అడిగింది. గర్జన వినబడితే భయం లేదట. సావజ్ ఎక్కడుందో తెలుస్తుంది కదా! గర్జన మారినప్పుడు మాత్రం ఆ వారం గేదెలను దూరం తోలరట. కొత్త రాజుకు పాత మర్యాదలు తెలియవు కదా అని ఆవిడ నవ్వింది.

ఇప్పుడు 891 సింహాల్లో సగానికి పైగా అభయారణ్యం హద్దులు దాటి చేలల్లో, తోటల్లో, సముద్రతీరపు పొదల్లో బతుకుతున్నాయి. హద్దు దాటి వెళ్ళేవాటిలో ఇల్లు వదిలిన కుర్ర మగవీ, ఓడిన మగవీ ఎన్నో. దిగుడుబావులు, రైలు పట్టాలు, కరెంటు కంచెలు వాటికి కొత్త శత్రువులు. 2018లో దల్ఖాణియా ప్రాంతంలో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ వాటిలో బయటపడింది. అన్ని సింహాలూ ఒకే ప్రాంతంలో ఉండడం ప్రమాదమనే, మధ్యప్రదేశ్‌లోని కూనోకు కొన్నింటిని తరలించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కూనోకు 2022లో ఆఫ్రికా నుంచి చీతాలు వచ్చాయి కానీ, గీర్ సింహాలు మాత్రం వెళ్ళలేదు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు అడవి మూసేస్తారు. మిగతా నెలల్లో పర్మిట్ ముందుగానే ఆన్‌లైన్లో తీసుకోవాలి. సింహం కనబడకపోతే పిల్లలు నిరుత్సాహపడతారనుకునేవారికి దగ్గర్లో దేవళియా అనే కంచె వేసిన పార్కు ఉంది. రాత్రిపూట డబ్బు పుచ్చుకుని చేలల్లో సింహాన్ని చూపిస్తామనేవారి వెంట మాత్రం వెళ్ళకండి. అది నేరం, సింహానికీ హింస.

సోమనాథ్ వెళ్ళే దారిలో మనవడు గైడు చెప్పిన ఇంకో కథ పదేపదే అడిగించుకున్నాడు. పోర్‌బందర్ దగ్గర బర్డా కొండల్లో సింహమన్నది నూరేళ్ళకు పైగా లేదు. 2023 జనవరిలో ఒక కుర్ర మగ సింహం ఎవరూ తీసుకెళ్ళకుండా తనంత తానే నడుచుకుంటూ ఆ కొండలు చేరింది. ఒంటరిగానే. అది బతుకుతుందా అని అందరూ అనుకున్నారు. 2025 లెక్కలో బర్డాలో 17 సింహాలు తేలాయి.