రొయ్యల మేతలో మందు

మొన్నటి సంక్రాంతికి కొల్లేటి ప్రాంతమున నున్న మా మఱిదిగారి యింటికి వెళ్ళితిమి. మేము కాపురమునకు వచ్చిననాడు వరిచేలుగా నున్న ఆ భూములు ఇప్పుడు చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు నైనవి. ఉదయముననే గట్టుమీది పాకలోనికి వెళ్ళి చూతుము గదా, పనివాడు మేతలో నొక తెల్లని పొడిని గంజితో గలుపుచుండెను. సంచిమీది పేరు చదివి నిర్ఘాంతపడితిమి. సిప్రోఫ్లాక్సాసిన్!

ఆ పేరు మాకు క్రొత్త కాదు. నిరుడు మా అత్తగారికి మూత్రకోశపు వ్యాధితో జ్వరము వచ్చినపుడు వైద్యుడు మొదట నిచ్చినది ఆ మందే. అయిదు దినములు వాడినను జ్వరము దిగలేదు. పరీక్షింపగా, ఆమె దేహములోని క్రిములు ఆ మందునకు లొంగనివని తేలినది. పదునొకండు దినములు ఆసుపత్రిలో సూదిమందు లెక్కించుకొని బ్రదికి బయటపడినది.

ఆమె వ్యాధికి ఈ చెఱువే కారణమని మేమనము. కాని మందు మేతతోనే పోదు; రొయ్య తినగా మిగిలినది నీటను, అడుగు బురదను గలియును. బలహీనములైన క్రిములు చచ్చును. తట్టుకొన్నవి మిగిలి వృద్ధినొందును. ఆ శక్తిని అన్యజాతి క్రిములకు సైతము పంచియిచ్చును. చింతపండు పులుసులో నుడికిన పిదప ఏమి మిగులు నందురా? నైట్రోఫ్యురాను జాతి మందుల శేషము మాంసమును అంటుకొని, వండినను బోదు.

మఱిదిగారి నడిగితిమి. "ఏం చేయమంటారు వదినగారూ? రాత్రికి రాత్రి చచ్చి తేలితే అప్పు ఎవరు తీరుస్తారు?" అనెను. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు మన తీరమునందలి రైతులను ముంచిన సంగతి ఆయన మఱువలేదు. అది వైరసు వలన వచ్చునది. వైరసు నీ మందేమియు జేయజాలదు. ఆ మాట ఆయనకు చెప్పినవారే లేరు. మందు లమ్మువాడే ఆయనకు వైద్యుడు!

ఈ జాతి మందును చెఱువులలో వాడరాదని మనదేశమున నిషేధము గలదు. 2016లో ఐరోపా సమాఖ్య, మన చెఱువుల సరకులో నూటికి పది వంతులు పరీక్షించుట చాలదని ఏబది వంతులకు బెంచినది. మన వీధికి వచ్చు గంపను ముట్టి చూచిన పరీక్షకుని మాత్రము మేమెన్నడును గానము.

తిరుగు ప్రయాణమునాడు మఱిదిగారు ఒక బుట్టెడు రొయ్యలు తెచ్చి బండిలో బెట్టించిరి. మేము సందేహించుట చూచి, "భయం లేదు వదినగారూ, ఇవి ఆ చెఱువువి కావు. మన యింటికోసం విడిగా చిన్న చెఱువు పెంచుతున్నాను. దానికి మందు తగలనివ్వను" అనిరి.