వెనక వరస చెహ్రాలు

నిఖా ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజు మా ఖాందాన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "బేటా, అంత ఖరీదైన కెమెరాలో వెనక వాళ్లంతా ధుంధ్లాగా ఉన్నారు, ఖాలా ఫోన్‌లో మాత్రం అందరూ సాఫ్‌గా పడ్డారు. ఎందుకని?"

పెద్ద సెన్సార్ వెనకంతా మసక చేస్తుందని చాలామంది చెప్పే జవాబు. అది సగమే సచ్. మసక సెన్సార్ వల్ల కాదు, లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం వల్ల.

హిసాబ్ చూడండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు. ఫోన్‌ది 6×4 అనుకుందాం. ఒకే చోట నిలబడి ఒకే దృశ్యం పట్టాలంటే పెద్ద కెమెరాకు 24 ఎం.ఎం. లెన్స్ కావాలి, ఫోన్‌కు 4 ఎం.ఎం. చాలు. ఎఫ్/2 అంటే లెన్స్ పొడవులో సగం రంధ్రం అని మతలబ్. అంటే పెద్దదానికి 12 మిల్లీమీటర్లు, ఫోన్‌కు 2. రంధ్రం చిన్నదైతే ఫోకస్‌కు ముందూ వెనకా ఎక్కువ దూరం సాఫ్‌గా పడుతుంది. పెద్ద కెమెరాను ఎఫ్/12కి మూస్తే దాని రంధ్రమూ 2 మిల్లీమీటర్లే. అప్పుడు రెండూ బరాబర్.

ఇంకో తమాషా ఉంది. ఉన్నచోటే ఉండి, అదే లెన్స్‌ను అదే ఎఫ్ నంబర్‌తో చిన్న సెన్సార్‌కు బిగిస్తే, ఒకే సైజు ప్రింట్‌లో మసక ఇంకా పెరుగుతుంది. బొమ్మను ఎక్కువ పెద్దది చేయాలి గదా! కానీ ఫ్రేమ్ ఇరుకవుతుంది. అందరూ పట్టాలని వెనక్కి జరిగితేనే ఆ మసక తగ్గేది.

నాకిది ఖాళీ షౌఖ్ కాదు. మా తమ్ముడి నిఖాలో ఫోటోలు తీసినాయన 85 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/1.4 దగ్గర తెరిచిపెట్టాడు. దాదాపు 60 మిల్లీమీటర్ల రంధ్రం! దుల్హన్ కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వెనక నిలబడ్డ దాదీ మాత్రం ఒక తెల్లటి మచ్చ. ఆరు నెలలకు దాదీ ఇంతెఖాల్ అయింది. ఆమె చెహ్రా తెలిసే ఆఖరి తస్వీర్ ఖాలా ఫోన్‌లోదే.

దుల్హా దుల్హన్‌ల తస్వీర్‌కు పెద్ద రంధ్రం ముబారక్. బుజుర్గులు వెనక వరసలో ఉన్నప్పుడు మాత్రం మొహమాటపడకండి. "భాయ్, ఎఫ్/8కి మూసి, ఐ.ఎస్.ఓ. పెంచి ఇంకోటి తీయండి" అని అడగండి. కాస్త గరుకు వస్తే రానివ్వండి. గరుకు వెనకాల మనిషిని గుర్తుపట్టొచ్చు.