మండువాలో వాన

బెంతోటలో మేం దిగిన హోటల్లో తొమ్మిదే గదులు. వెళ్ళింది జూలైలో. శ్రీలంక నైరుతి తీరంలో అవి వానల రోజులు, సముద్రం రెచ్చిపోయి ఉంటుంది, నీళ్ళలోకి దిగొద్దని ఎర్రజెండాలు పాతేస్తారు. అందుకే అద్దె దాదాపు సగం. "సముద్రంలోకి దిగనప్పుడు బీచ్ హోటల్ ఎందుకు?" అని మా ఆవిడ ముందే అడిగింది. బిల్డింగ్ కోసం అన్నాను. ఆ సమాధానం ఇంట్లో ఎవరికీ రుచించలేదు.

నాకు చాలా కాలంగా జెఫ్రీ బావా పిచ్చి. బావా (1919-2003) మొదట లాయరు. 1948లో బెంతోట దగ్గర పాడుబడ్డ రబ్బరు తోట ఒకటి కొని, దాన్ని తనకి నచ్చినట్టు మలుచుకునే యావలో పడి, చివరికి ఆర్కిటెక్చర్ చదువుకుని 38 ఏళ్ళ వయసులో ఆర్కిటెక్ట్ అయ్యాడు. (కెరీర్ మార్చేద్దామని ముప్పైల్లో కలలు కనే సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఎక్కడైనా రాసిపెట్టుకోవాల్సిన సంగతి.) అక్కడి పాత ఇళ్ళలో నడిమి వాకిలి ఉండేది, సింహళంలో 'మెద మిదుల' అంటారు. దాన్ని కొత్త ఇళ్ళలోకీ హోటళ్ళలోకీ తీసుకొచ్చినవాళ్ళలో ఆయన పేరే ముందు చెబుతారు.

మా హోటల్ ఆయన కట్టింది కాదు, ఆ బాణీది. నున్నగా పాలిష్ పట్టిన సిమెంటు నేల, కూనపెంకు కప్పు, మధ్యలో ఆకాశం, కింద ఒక దేవగన్నేరు చెట్టు. ఫ్యామిలీ రూములో పిల్లల మంచం గోడలోనే గూడులా ఉంది. మా నాలుగేళ్ళది అందులో దూరి ఇంక బయటికి రానంది. అంతా పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే చేశారు గానీ, వాకిట్లో ఉన్న నీళ్ళతొట్టికి మాత్రం గట్టు లేదు. కడితే అందం చెడుతుందని కాబోలు. ఉన్న మూడు రోజులూ ఆ గట్టు పని మా అమ్మ చేసింది, కుర్చీ వేసుక్కూర్చుని.

లోపలికి అడుగు పెట్టగానే అమ్మ అంది, "ఇది మన మండువాయే కదరా."

మాది రామచంద్రపురం దగ్గర ఊరు. నాన్న పోయాక, 2017లో, మండువా లోగిలి పడగొట్టి డాబా వేశాం. టేకు దూలాలూ తలుపులూ ఒకాయన వచ్చి కొలుచుకుని లారీలో వేసుకుపోయాడు. రెండేళ్ళ తర్వాత ఆ ఇంటి మీద ఒక వ్యాసం రాశాను. నాలుగు వైపుల నుంచీ వాన మండువాలోకి దూకడం, గంగాళం నిండడం, నేను కాగితం పడవలు వదలడం. చాలామంది మెచ్చుకున్నారు. అమ్మ చదివి "ఊఁ" అంది.

రెండో రోజు బావా తోట, లునుగంగకి వెళ్ళాం. ఎనా డిసిల్వా అనే బాతిక్ కళాకారిణి కోసం ఆయన 1960ల మొదట్లో కొలంబోలో కట్టిన ఇల్లు కూడా ఇప్పుడు అక్కడే ఉంది. ఆ స్థలం అమ్ముడుపోయి ఇల్లు కూల్చాల్సిన పరిస్థితి వస్తే, విప్పదీసి, ముక్కలకి నంబర్లేసి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. నాకు గొంతు పట్టేసినట్టయింది. మన దూలాలకి కూడా నంబర్లేసి ఉంచాల్సిందమ్మా అన్నాను.

"ఉంచి? మళ్ళీ ఎవరు ఊడుస్తారు?"

ఆ రాత్రి వాన మొదలైంది. వసారాలో కూర్చుని కప్పు కేసి చూస్తూ, "ఇది కారదా?" అని అడిగింది. బావా చిట్కా చెప్పాను. కింద సిమెంటు రేకులు పరిచి, వాటి మీద కూనపెంకు నేయించేవాడు. చూపుకి పాత కప్పే, కారడం మాత్రం ఉండదు. ఇక్కడా అదే చేశారట.

"అదీ సంగతి!" అంది, కేసు గెలిచినట్టు. "మనకీ కింద రేకుంటే నా మోకాళ్ళు ఇలా ఉండేవి కావు."

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ముసురు పట్టిందంటే నాలుగు వసారాలూ జల్లుకి తడిసిపోయేవి. గొంతుక్కూర్చుని గోనెగుడ్డతో తుడవాలి, గుడ్డ పిండాలి, మళ్ళీ తుడవాలి, రోజుకి ఐదారుసార్లు. నేను ఏడో నెల కడుపులో ఉండగా ఒకసారి జారిపడిందట. "ఏం కాలేదులే. లేచి ఆ మిగిలింది కూడా తుడిచేశాను." కాసేపాగి అంది, "నీ వ్యాసంలో నీళ్ళొచ్చాయి గానీ, ఎటు పోయాయో లేదురా."

నా రాతల మీద నాకొచ్చిన రివ్యూల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు. ఇంకో సంగతి కూడా ఆ వ్యాసంలో లేదు. ఇల్లు పడగొట్టేద్దామని మొదట అన్నది అమ్మే. నేను "పడగొట్టాల్సి వచ్చింది" అని రాసుకున్నాను. అలా రాస్తే ఆ పని ఎవరూ చేసినట్టుండదు.

పొద్దున్నే లేచి చూస్తే వాకిలంతా వెండిలా మెరుస్తోంది, దేవగన్నేరు పూలు నీళ్ళ మీద తేలుతున్నాయి. వసారా అంచున నిలబడి ఫోను తీశాను. అప్పుడే హోటల్ కుర్రాడు వైపరు పట్టుకుని వచ్చాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో. నేను ఫొటో తీసుకుంటున్నానని మర్యాదగా ఆగిపోయాడు. అమ్మ అప్పటికే కుర్చీలో ఉంది. "అట్నుంచి కాదు బాబూ, ఇట్నుంచి లాగు, తూము ఇటుంది," అని తెలుగులోనే చెప్పి చెయ్యి ఊపింది. అతను తూము కేసి ఒకసారి చూసి, నవ్వి, ఇటు వచ్చాడు.

నేనింకా ఫ్రేము చూసుకుంటున్నాను.

"కాలు తియ్యరా," అంది అమ్మ. "అతను తుడుచుకోవాలి."